ఎదురు సాలు

శివపార్వతి గొంతు గురించి మా నల్లరేవిపాడులో అందరికీ తెలుసు. చేను గట్టు మీద నిలబడి ఆమె ఒక్క కేక వేస్తే నాలుగు చేల అవతల ట్రాక్టర్ తోలేవాడు కూడా బ్రేకు మీద కాలు పెడతాడు. ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ల ముఠాకు ఆమె మేస్త్రి. పత్తి తియ్యాలన్నా, మిరపకాయ కొయ్యాలన్నా ముందు ఆమెను అడగాలి. సరేనందా, పని అయిపోయినట్టే. కాదందా, మన కాయ చెట్టు మీదే పండి, ఎండి, రాలిపోతుంది. నాకు ఐదెకరాల మిరప ఉంది కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

నా పేరు పేరయ్య. ఈ కథలో నాకు దక్కే గౌరవం ఏమీ లేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిపెట్టానని అనకండి.

శివపార్వతిది పర్చూరు వైపు. పొగాకు ఆకు ఏరే తల్లి వెంట తిరుగుతూ పెరిగింది. మా ఊరి కోడలై వచ్చేనాటికి మిరపచేలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు. తొలిరోజు కోతకు వచ్చినప్పుడు మధ్యాహ్నానికే చేతులు నిప్పులు పట్టుకున్నట్టు మండిపోయాయి. అందరూ తలా ఒక సాలు పట్టి ముందుకు వెళ్లిపోతే ఆమె సాలు సగంలో ఆగిపోయింది. చెట్ల మధ్యనే కూలబడి, ఏడుస్తూ, ఏడ్చినందుకు మళ్లీ తనను తానే తిట్టుకుంటూ కూర్చుంది. ఆ వేళ తన సాలు ముగించుకున్న ఒక పిల్ల ఆమె సాలు అవతలి చివరి నుంచి కాయ కోసుకుంటూ ఎదురొచ్చింది. ఇద్దరూ సాలు మధ్యలో కలిశారు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువు గానీ, ముందు నీ చేతులు చూపించు," అందట ఆ పిల్ల. ఆమె ఖైరున్నీసా. పరుపులకు దూది ఏకే ఇంటి కోడలు, శివపార్వతి ఈడుదే.

మా వైపు కోతల్లో ఇదొక పద్ధతి. తన సాలు అయిపోయినవాళ్లు గట్టెక్కి కూర్చోరు. వెనకబడినవాళ్ల సాలు రెండో కొస నుంచి పట్టుకుని ఎదురొస్తారు. ఎదురు సాలు పట్టడం అంటారు. ఎవరూ ఎవరికీ దండం పెట్టక్కర్లేదు, రేపు నువ్వు వెనకబడితే ఇంకొకరు వస్తారు. ఇరవై రెండేళ్ల కిందట అలా కలిసిన ఇద్దరే ఇప్పటికీ ముఠాను నడుపుతున్నారు. పనికి వెళ్లేటప్పుడు ముందు ఆటోలో శివపార్వతి, ఆఖరి ఆటోలో ఖైరున్నీసా కూర్చుంటారు. మధ్యలో ఎవరూ జారిపోకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. శివపార్వతి తిడుతుంది, ఖైరున్నీసా నవ్విస్తుంది. రెండూ కావాలి, లేకపోతే మిట్టమధ్యాహ్నపు ఎండలో ముప్పై ఎనిమిది మందిని ఎవరు నిలబెడతారు?

ఇక సిలార్ దిబ్బ సంగతి చెప్పాలి. ఊరికి పడమట, వినుకొండ వెళ్లే దారి పక్కన, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. దాని మీద ఆకుపచ్చ గుడ్డ కప్పిన సమాధి ఒకటి, పసుపు పూసిన అరుగు ఒకటి. సమాధి దూదేకుల సిలార్‌ది. అరుగు పేరంటాలమ్మది, ఆమె ఒక కాపు ఇంటి కోడలు. పూర్వం కలరా గత్తర వచ్చి ఊరంతా పారిపోతే వీళ్లిద్దరే ఉండిపోయి, పడిపోయినవాళ్ల నోట్లో నీళ్లు పోశారనీ, ఒకే వారంలో ఇద్దరూ పోయారనీ, తిరిగొచ్చిన ఊరు ఇద్దరినీ పక్కపక్కనే పడుకోబెట్టిందనీ మా నాయనమ్మ చెప్పేది. కాగితం మీద రుజువు ఏమైనా ఉందా అంటే లేదు. చుట్టూ ఒకే గోడ, ఒకే గేటు. ఇద్దరి మధ్య ఒకే దీపం గూడు.

తొలి కోతకు ముందు ముఠా అంతా అక్కడికే వెళ్తుంది. ఖైరున్నీసా వత్తి వేస్తుంది, శివపార్వతి ఆముదం పోసి వెలిగిస్తుంది. ఆ ప్రమిదలోని ఆముదం తలా కాస్త అరచేతుల్లో పోసుకుని, వేళ్ల సందుల దాకా రాసుకుని, గడప మీద చెయ్యి పెట్టి ఒట్టు వేస్తారు, పట్టిన సాలు వదలననీ, వెనకబడినదాన్ని వదలననీ. ఆ నూనె రాసుకున్నవాళ్ల చేతులు మండవని నమ్మకం. ఆముదం ఏదైనా ఒకటే కదా అని నేను ఒకసారి శివపార్వతితో అన్నాను. "అయితే నువ్వు ఇంట్లో రాసుకుని వచ్చి ఒక పూట కోసి చూపించన్నా," అంది.

గొడవ అద్దంకి నుంచి వచ్చింది. స్థానిక ఎన్నికలు దగ్గరపడుతున్నాయని కబురు రాగానే ప్లాట్ల వ్యాపారం చేసే శశిభూషణ్ ఒక పెద్ద బోర్డు తెచ్చి దిబ్బ గేటుకు కట్టించాడు. శ్రీ పేరంటాలమ్మ దేవస్థానం అని రాసి, కింద తన ఫొటో. రెండోరోజే గౌస్ బాషా అనే ఇంకో నాయకుడు అంతకంటే జానెడు పెద్ద బోర్డు తెచ్చాడు. సిలార్ దర్గా అని రాసి, కింద అతని ఫొటో. ఈ ఇద్దరు మహానుభావులూ అంతకుముందు ఆ దిబ్బ ఎక్కిన పాపాన పోలేదు. బోర్డులు పీకడాలు, కట్టడాలు, తోపులాట, ఎవరిదో తల పగలడం, అన్నీ వరసగా జరిగిపోయాయి. తహసీల్దారు అఖిల గారు వచ్చి గేటుకు తాళం వేయించి, ఇద్దరు కానిస్టేబుళ్లను కూర్చోబెట్టి వెళ్లారు.

ఆ స్థలం మొదట్నించీ మనదే, వాళ్లకు హక్కు లేదు అని శశిభూషణ్ రాయించిన అర్జీ మీద నేను సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావని అడిగితే చెప్పడానికి సిగ్గుగా ఉంది. కమిటీలో వేస్తానన్నాడు. కరపత్రం మీద నా పేరు ముందు శ్రీ అని అచ్చు వేయించాడు. నా పెళ్లి శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులో చూసుకోవడం అదే. ఆ కాగితం జేబులో పెట్టుకుని వారం రోజులు తిరిగాను.

ఈలోగా కాయ పండింది. చేలన్నీ ఎర్రబడ్డాయి. శివపార్వతి ఇంటికి వెళ్లి కోతకు ఎప్పుడొస్తారని అడిగాను. ఆమె కూర్చోమని కూడా అనలేదు.

"దీపం లేకుండా చెయ్యి పెట్టం. తాళం తీయించు, వస్తాం."

"నా చేతుల్లో ఏముందమ్మా?"

"సంతకం పెట్టేటప్పుడు ఉంది కదా చెయ్యి?"

అసలు బాధ అది కూడా కాదని ఆ తర్వాత తెలిసింది. రెండు కమిటీలవాళ్లూ ఇళ్లిళ్లూ తిరిగి, మనవాళ్లు మనవాళ్లతోనే పనికి వెళ్లాలని చెబుతున్నారు. ముఠాలో పదకొండు మంది ముస్లింలు. వాళ్లలో ముగ్గురిని మొగుళ్లు అప్పుడే ఆపేశారు. ఇటువైపు ఐదుగురు, ఖైరున్నీసా ఉంటే మేం రామన్నారు. ఇరవై రెండేళ్లు పోగుచేసుకున్నది సాలు సగంలో తెగిపోతోంది. శివపార్వతికి తిట్టడం తెలుసు, దేబిరించడం తెలియదు. అలాంటిది ఇంటింటికీ వెళ్లి ఆ ఎనిమిది మందిని బతిమాలిందట. బతిమాలినా వాళ్లు ఔననలేదు, కాదనలేదు.

ఆమె ఖైరున్నీసాను వెంటబెట్టుకుని తహసీల్దారు ఆఫీసుకు వెళ్లింది. అఖిల గారు చిన్న వయసు మనిషి, మాట మాత్రం కచ్చితం.

"రెండు వైపులవాళ్లూ తగువు లేదని నా ముందు చెప్పాలమ్మా. అప్పుడే తాళం తీస్తాను."

"ఆ కమిటీలు ఈ జన్మలో చెప్పవండి," అంది ఖైరున్నీసా.

"కమిటీలు కాకుండా ఊరు చెబితే సరిపోద్దాండి?" అని అడిగింది శివపార్వతి.

"సరిపోతుంది. కానీ ఊరంతా ఒకచోటికి ఎప్పుడొస్తుంది, ఎక్కడ చెబుతుంది?"

ఆ ప్రశ్నతోనే ఇద్దరూ బస్సెక్కి తిరిగొచ్చారు.

జవాబు టెంట్ హౌస్ ప్రేమ్‌చంద్ రూపంలో వచ్చింది. మా చుట్టుపక్కల పెళ్లయినా, చావైనా, మీటింగయినా షామియానా అతనిదే, మైకు అతనిదే. జనాన్ని తోలుకొచ్చే పని కూడా అతనే ఒప్పుకుంటాడు. ఒకే రోజున దిబ్బకు తూర్పున శశిభూషణ్ సభ, పడమట గౌస్ బాషా సభ. పోలీసులు ఒకరికి పదింటికి, ఇంకొకరికి మూడింటికి పర్మిషన్ ఇచ్చారు. మూడింటివాళ్లు కూడా పదింటికే పెట్టుకున్నారు. రెండింటికీ టెంటు ప్రేమ్‌చందే వేస్తున్నాడు. ఒకటే జనరేటరు.

"పది ఆటోల ఆడవాళ్లు కావాలి మేస్త్రమ్మా. ఐదు అటు, ఐదు ఇటు," అన్నాడు.

శివపార్వతి చెంబుతో కొట్టబోయిందట. ఖైరున్నీసా ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపి, ఏదో చెవిలో చెప్పింది. అప్పుడు శివపార్వతి చెంబు కింద పెట్టింది.

"వస్తాం. కానీ ఎవరు అటు, ఎవరు ఇటు అని ఏరి పంపడం నాకు రాదు ప్రేమ్‌చందూ. నాకు తాలు కాయ ఏరడం వచ్చు, మనుషుల్ని ఏరడం రాదు."

"ఏరక్కర్లా. తలకాయలు లెక్కకొస్తే చాలు, మొహాలు ఎవడు చూస్తాడు?" అన్నాడు ప్రేమ్‌చంద్. అతను చేసిన తప్పు అదే. తప్పని అతనికి తెలుసో లేదో ఈనాటికీ నేను తేల్చుకోలేకపోతున్నాను.

సభల ముందురోజు శివపార్వతి, ఖైరున్నీసా కలిసి మళ్లీ ఆ ఎనిమిది ఇళ్లకూ వెళ్లారు. ఈసారి బతిమాలలేదు. మీ కమిటీ పిలిచిన సభకే రమ్మంటున్నాం, మీ ఇంట్లో కాదనరు కదా అన్నారు. నిజంగానే ఎవరూ కాదనలేదు. ముఠా అందరికీ శివపార్వతి చెప్పింది ఒక్కటే, "ఎవరు మైకు ఇచ్చినా తీసుకోండి. అబద్ధం మాత్రం చెప్పొద్దు."

ఆ ఉదయం పది ఆటోలు వచ్చాయి. ముఠాతో పాటు ఊళ్లో ఇంకొందరు ఆడవాళ్లు కూడా ఎక్కారు. అలవాటు ప్రకారం ముందు ఆటోలో శివపార్వతి, ఆఖరి ఆటోలో ఖైరున్నీసా. మధ్యలో ఆడవాళ్లు ఎప్పటిలాగే తమ జతతో తాము కూర్చున్నారు. దారి చీలిన చోట ప్రేమ్‌చంద్ మనిషి చెయ్యి అడ్డం పెట్టి మొదటి ఐదింటిని పడమటికి, తర్వాతి ఐదింటిని తూర్పుకు తిప్పాడు. దిగినవాళ్ల మెడలో దిగినట్టే కండువాలు వేశారు. అలా శివపార్వతి మెడలో ఆకుపచ్చ కండువా పడింది. ఖైరున్నీసా మెడలో కాషాయం పడింది.

నేను తూర్పు సభలో స్టేజీ మీద, శశిభూషణ్‌కు రెండు కుర్చీల అవతల ఉన్నాను. ఖైరున్నీసా ఆటో దిగడం చూశాను. ఎండకు ఆ కండువానే నుదుటి మీదుగా తలకు చుట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నా వైపు చూసింది. శశిభూషణ్‌కు చెప్పాలా వద్దా అనుకున్నాను. చెప్పలేదు. అది ధైర్యమో పిరికితనమో నాకు తెలీదు.

శశిభూషణ్ గంటసేపు మాట్లాడాడు. మాట్లాడి మాట్లాడి, ముందు వరస వైపు చెయ్యి చాపాడు.

"ఈ తల్లుల్ని చూడండి. ఎండలో ఒళ్లు హూనం చేసుకునే ఈ తల్లులకు ఈ పవిత్ర స్థలంలో అడుగు పెట్టే భాగ్యం లేకుండా చేశారు. అమ్మా, నువ్వు లే. రా. నీ పేరు చెప్పి నీ గోడు నువ్వే చెప్పు."

ఆమె లేచింది. మైకు అందుకుంది. గొంతు సవరించుకుంది.

"నా పేరు ఖైరున్నీసా అండి."

పందిట్లో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"ఇరవై రెండేళ్లుగా ఆ దిబ్బ మీద అడుగు పెడతానే ఉన్నానండి. పేరంటాలమ్మ దీపానికి వత్తి నేనే వేస్తాను. ఎప్పుడూ ఎవరూ వద్దన్లేదు. మీరు బోర్డు తెచ్చిన కాడి నుంచే పోలేకపోతున్నాను. నా గోడు అదేనండి."

శశిభూషణ్ మొహం తాలు కాయలా తెల్లబడింది. మైకు ఆపమని ప్రేమ్‌చంద్‌కు సైగ చేశాడు. రెండు సభలకూ మధ్యన జనరేటరు పక్కన కూర్చుని ప్రేమ్‌చంద్ తీరుబడిగా టీ తాగుతున్నాడు. ఇటు చూడలేదు.

అంతలో పడమటి మైకులోంచి ఒక గొంతు వినిపించింది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు, మైకు కూడా తోడైతే చెప్పేదేముంది. అక్కడ గౌస్ బాషా కూడా అచ్చం అదే పని చేశాడని తర్వాత తెలిసింది. ఈ చెల్లెమ్మ కన్నీళ్ల కథ వినండి అని, ముందు వరసలో కొంగు నుదుటి దాకా కప్పుకుని కూర్చున్నామెను లేపి మైకు ఇచ్చాడు.

"నా పేరు శివపార్వతి. సిలార్ సాహెబ్ దీపంలో ఆముదం పోసేది నేనే. ఆయన కాడికి రావడానికి నాకు ఎవరి కండువా అక్కర్లేదు." ఆ వెంటనే పొలంలో పిలిచినట్టే పిలిచింది. "ఖైరూ! ఏ సాలులో ఉన్నావే?"

మా స్టేజీ మీద ఖైరున్నీసా మైకు రెండు చేతులతో పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం నాకు కనబడింది.

"తూర్పు కొసన ఉన్నా పార్వతక్కా. నువ్వు?"

"పడమటి కొసన. కాయ పండిపోతంది. ఎదురొస్తన్నా, నువ్వూ పట్టు."

ఎవరు ముందు నవ్వారో తెలియదు. మా పందిట్లో ఒక ముసలాయన పకపకా నవ్వాడు, అతని వెంట నలుగురు, తర్వాత పందిరంతా. అటు పడమటి పందిట్లోంచి కూడా నవ్వులే వినిపించాయి. ముందు వరసలో ముఠా ఆడవాళ్లు లేచారు. ఖైరున్నీసా ఉంటే రానన్న ఐదుగురిలో ఇద్దరు మా పందిట్లోనే ఉన్నారు. ఒకామె లేచి చీర దులుపుకుంది. రెండోదాన్ని చెయ్యి పట్టి లేపింది. కుర్చీలు జరుపుకుంటూ దిబ్బ వైపు నడిచారు. అటు నుంచి ఆకుపచ్చ కండువాల్లో సగం మంది హిందువులు, ఇటు నుంచి కాషాయంలో కొందరు ముస్లింలు, ఎవరు ఎవరో విడదీయడానికి ఏ నాయకుడి వల్లా కాదు.

నేను కండువా తీసి కుర్చీ మీద పెట్టాను.

"పేరయ్య గారూ, ఎక్కడికండీ?" అన్నాడు శశిభూషణ్, ఇంకా అర్థంకానట్టు.

"కాయ పండిపోయిందండి," అన్నాను. జీవితంలో నేను స్టేజీ మీద మాట్లాడింది ఆ ఒక్క మాటే. నా వెనక రైతులు దిగారు. అటువైపు కూడా దిగుతున్నారు. పండిన కాయ రెండు మతాల చేలలోనూ ఒకేలా రాలుతుంది కదా.

దిబ్బ గేటు దగ్గర ఇద్దరూ కలిశారు. కౌగిలించుకుంటారని మీరు అనుకోవచ్చు. అదేమీ లేదు. "అంత సేపు మాట్లాడావేం, నీకు మైకు దొరికితే వదలవు," అని తిట్టింది శివపార్వతి. ఖైరున్నీసా ఆమె మెడలోని ఆకుపచ్చ కండువాతో మొహం తుడుచుకుంది.

అఖిల గారు బందోబస్తు చూడటానికి వచ్చి జీపు పక్కనే నిలబడి ఉన్నారు. చుట్టూ ఊరంతా ఉంది. ఆమె గొంతు పెంచి అడిగారు.

"ఈ స్థలం గురించి ఊళ్లో తగువుందా?"

"లేదు," అన్నాం. మూడు నెలల తర్వాత ఊరంతా కలిసి అన్న మాట అది. నా చెవులు గింగురుమన్నాయి. కానిస్టేబుల్ తాళంచెవి తెచ్చాడు. వానకు తుప్పు పట్టి తాళం తిరగలేదు. శివపార్వతి రొంటిన దోపుకున్న చిన్న సీసా తీసి దాని నోట్లో రెండు చుక్కలు పోసింది. ఆముదం వెంట తెచ్చుకుంది ఆ మనిషి, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే.

దీపం వెలిగింది. ముప్పై ఎనిమిది మందీ వరసలో నిలబడ్డారు. ఒక్కరు తగ్గలేదు. ఇంతలో రెండు కార్లు రెండు వైపులకూ దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాయి. బోర్డులు రెండూ ఇప్పుడు ప్రేమ్‌చంద్ షెడ్డు మీద పక్కపక్కన ఉన్నాయి. వాన కారకుండా బాగా కాస్తున్నాయట.

నేను వరస చివర, గోడ పక్కన నిలబడ్డాను. లోపలికి వెళ్లే మొహం నాకు లేదు. శివపార్వతి ప్రమిద పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"చెయ్యి చాపన్నా."

ఎడమ చెయ్యి చాపాను.

"అది కాదు. సంతకం పెట్టిన చెయ్యి."

కుడి చెయ్యి చాపాను. ఆమె నూనె పోసింది. పక్కన ఖైరున్నీసా చూస్తూ ఉంది. ఆమె హక్కును కాదని రాసిన చెయ్యి అదని ఆమెకు తెలుసు. నేను ఏదో అనబోయాను. "ముందు వేళ్ల సందుల్లో రాసుకో, మండుద్ది," అంది ఖైరున్నీసా.

మర్నాడు తొలి కోత మా చేలోనే మొదలైంది. గట్టు మీద నిలబడి చూడటం నాకు చేతకాలేదు. నేనూ ఒక సాలు పట్టాను. ఊళ్లో అందరూ చెప్పుకుని నవ్వుకున్నారు, నవ్వుకోనీండి. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ముఠా అంతా నన్ను దాటి వెళ్లిపోయింది. నడుము విరిగిపోతోంది, నా సాలు ఇంకా సగం ఉంది. తల ఎత్తి చూస్తే అవతలి కొస నుంచి కాయ కోసుకుంటూ ఖైరున్నీసా ఎదురొస్తోంది.